మూటలోని విలువలు – వాటి పేరు చీటీలు

కంప్యూటరుకు పని చెప్పుటకై మనుష్యులు కల్పించిన భాషల చరిత్రను పరిశీలించినచో, ఒక చిన్న ప్రశ్న ఆరు దశాబ్దములుగా మాటిమాటికి తలయెత్తుచున్నట్లు తెలియును. కొన్ని విలువలను ఒక మూటగా కట్టి పంపితిమి. అందుకొన్న చోట మూటను విప్పునపుడు ఏ విలువ ఎక్కడకు చేరవలెను? వరుసను బట్టియా, పేరును బట్టియా? ఇట్టి మూటకు ట్యూపుల్ అని పేరు. అందలి విలువకు తగిలించిన పేరు చీటీయే లేబిల్.

ఇది కేవలము పండితుల వినోదము కాదు. హైదరాబాదు నగరము 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశము కడ నున్నది. స్థలములను తెలుపుటకు ఏర్పడిన ఐ.ఎస్.ఓ. 6709 అను అంతర్జాతీయ ప్రమాణము అక్షాంశమును ముందుంచును. పటముల సమాచారమునకు వాడబడు జియోజేసన్ పద్ధతికి 2016లో ఏర్పడిన ప్రమాణము రేఖాంశమును ముందుంచును. ఒక వరుసలో కట్టిన మూటను రెండవ వరుసలో విప్పినచో, మన నగరము ఉత్తర ధ్రువ ప్రాంతమున, నార్వేకు చెందిన స్పిట్స్‌బెర్గెన్ ద్వీపమున తేలును. రెండును తొంబదికి లోపలి అంకెలే గనుక యంత్రము అభ్యంతరము చెప్పదు.

వ్యాపార లెక్కల నిమిత్తము 1960లో వెలువడిన కోబాల్ భాష పేరునకు పెద్దపీట వేసినది. ఒక పద్దులోని అంశములను మరియొక పద్దునకు, ఒకే పేరు గలవానిని జతపరచి తరలించు ఆజ్ఞ ఆ భాషలో కలదు.

1970 దశకమున ఎడింబరో విశ్వవిద్యాలయమున రాబిన్ మిల్నరును ఆయన సహచరులును ఎం.ఎల్. అను భాషను నిర్మించిరి. దాని సంతతియైన స్టాండర్డ్ ఎం.ఎల్. నిర్వచనము 1990లో గ్రంథరూపమున వచ్చినది. అందు ట్యూపుల్ వేరొక జాతి కాదు. 1, 2, 3 అను అంకెలే చీటీలుగా గల పద్దు మాత్రమే. పేర్లతో కట్టిన పద్దును విప్పునపుడు వరుస తారుమారైనను భయము లేదు. పేరే తీర్పు చెప్పును.

తరువాతి భాషలు ఈ మార్గమును పూర్తిగా అనుసరింపలేదు. 1991లో గీడో వాన్ రోసమ్ లోకమునకు అందించిన పైథాన్ వరుసనే నమ్మినది. 2008లో దాని 2.6వ కూర్పున చీటీలు గల ట్యూపుల్ చేరినది. అందలి విలువను పేరుపెట్టి పిలువవచ్చును. కాని మూటను ఒక్కసారిగా విప్పునపుడు వరుసయే చెల్లును. 2017లో వచ్చిన సీ షార్ప్ 7.0 కూర్పు తీరును అంతియే. చీటీ ఉన్నది, విప్పువాడు దానిని చదువడు.

2014లో ఆపిల్ సంస్థ వెలువరించిన స్విఫ్ట్ భాష మధ్యేమార్గమును త్రొక్కినది. చీటీలు వ్రాయక విప్పినచో వరుస ప్రకారము. చీటీలు వ్రాసి విప్పినచో పేరు ప్రకారము. అయితే రెండు చుక్కల గుర్తునకు ఎడమ నున్నది పాత చీటీ, కుడి నున్నది క్రొత్త పేరు. ఆ భాషలోనే ఇతర స్థలములందు అదే గుర్తునకు కుడివైపున విలువ యొక్క జాతిని వ్రాయుదురు. అందుచే చదువరి కన్ను తడబడుట కలదు.

వరుసను నమ్ముటకు కారణము సోమరితనము కాదు. రెండు మూడు విలువలకు ప్రతిసారి పేర్లు వ్రాయుట భారము. ఒకటి మాట, ఒకటి అంకె అయినచో, జాతిని ముందుగా సరిచూచు భాషలలో తారుమారు వెంటనే బయటపడును. రెండును అంకెలైనపుడే ఆపద. 2021లో వచ్చిన పైథాన్ 3.10వ కూర్పు, విప్పు చోట కూడ పేర్లు వ్రాసి పోల్చుకొను సౌకర్యమును కల్పించినది. కోబాల్ నాటి బుద్ధి మరల ఆదరణ పొందినదని మేము తలచుచున్నాము. కట్టువానికి తెలిసినది విప్పువానికి తెలియనపుడు, చీటీ అతికించుటతో పని ముగియదు. దానిని చదువు ఏర్పాటును ఉండవలెను.