పైసలు పడ్డయా? మెసేజ్‌లు పంచుకున్న క్యూల కథ

మా మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల దిక్కు గల్లీకి ఒకరన్నా గల్ఫ్‌ల ఉంటరు. ఫోన్ ఎత్తంగనే మొదటి మాట, "పైసలు పడ్డయా?" మీరిప్పుడు అరచేతిలో చూసుకుంటున్నరు. ఆ పైసల వెనక మెసేజ్ ఎట్ల నడుస్తదో ఇయ్యాల చెప్తా.

1993లో ఐబీఎం ఎంక్యూసిరీస్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఒక కంప్యూటర్ పంపిన మెసేజ్‌ను క్యూలో దాచి, అవతలిది సిద్ధంగా ఉన్నప్పుడు అందించడం దాని పని. క్యూలను చూసుకునేది క్యూ మేనేజర్. మొదట్ల ప్రతి జంట మధ్య చానెళ్లు చేత్తోనే రాసుకోవాలె. పది మిషన్లుంటే తల తిరిగేది. 1999లో 5.1 వెర్షన్‌తో క్లస్టర్ వచ్చింది. ఒకే పేరున్న క్యూను నాలుగు క్యూ మేనేజర్ల మీద పెట్టొచ్చు, మెసేజ్‌లు వంతుల వారీగా పంచుకుంటయి.

సిరిసిల్లను యాది చేసుకోండి. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ వస్తే ఒక్క షెడ్డుల నేసిండ్రా? సాంచెలన్నిటికీ పంచిండ్రు. కానీ అక్కడ పంచే మనిషి ఎవరి దగ్గర పని పేరుకుందో కళ్లతో చూస్తడు. క్లస్టర్ చూడదు! అవతలి క్యూలో ఎన్ని మెసేజ్‌లు ఆగినయో దానికి పట్టదు. చానెల్ బాగుంటే చాలు, వంతు వచ్చినోనికి వేస్తది.

నేను అమీర్‌పేటలో ఇది నేర్చుకుని ఉద్యోగంలో చేరిన. 2008ల ఒక రాత్రి, డబ్బు బదిలీ మెసేజ్‌లు ఒక క్యూ మేనేజర్ మీద గుట్టలు పడ్డయి. పక్కది ఖాళీ. మా సీనియర్ మూడోది కలిపించిండు. ఏం మారలే, అదీ ఖాళీగానే కూసుంది. అప్పుడే అమ్మ ఫోన్: "బాపు పంపిన పైసలు ఇంకా పడలేదు బిడ్డా." ఆ గుట్టలో బాపు మెసేజ్ ఉందో లేదో నాకెట్ల తెలుస్తది? "చూస్త అమ్మా" అని పెట్టేసిన.

తెల్లారుజామున దొరికింది. పంపే ప్రోగ్రామ్ పొద్దున క్యూను ఒక్కసారి తెరిచి ఇగ మూయలే. డిఫాల్ట్ సెట్టింగ్ ఏందంటే, తెరిచినప్పుడు ఏ క్యూ మేనేజర్ దొరికితే మూసేదాక అన్నీ దానికే. ఇది తప్పుగా పెట్టింది కాదు. ఒకే ఖాతా మెసేజ్‌లు వేర్వేరు మిషన్లకు పోతే వరుస తప్పుతది, జమ కంటే ముందు రద్దు పోతే ఏం గావాలె? మా మెసేజ్‌లు దేనికది వేరు కాబట్టి "నాట్ ఫిక్స్‌డ్" చేసి, ప్రోగ్రామ్‌ను మళ్లీ స్టార్ట్ చేసినం. కొత్తవి మూడింటికీ పంచుకున్నయి. పాత గుట్ట మాత్రం కదలలే, అది అక్కడి మిషనే ఖాళీ చేయాలె. పొద్దెక్కిందాక పట్టింది.

2005లో వచ్చిన వెర్షన్ 6ల ఏ క్యూ మేనేజర్‌కు ఎంత బరువు, ఎవరికి ముందు అని చెప్పే వీలు వచ్చింది. 2011ల 7.1తోని మరో దారి దొరికింది: ఒక గ్రూపు మెసేజ్‌లన్నీ ఒకే చోటికి, తర్వాతి గ్రూపు ఇంకో చోటికి. ఆ రాత్రి అది ఉంటే వరుస గురించి మేం అంత వాదులాడుకునేటోళ్లం కాదు.

మధ్యాహ్నం అమ్మ మళ్లీ చేసింది. బాపు ఆ నెల పైసలు ఇంకా పంపనే లేదట, జీతం ఆలస్యమైందట.