యానాంపై ఎగిరిన జెండాలు

యానాంలో మొదట ఎగిరిన ఫ్రెంచి జెండా మూడు రంగులది కాదు. ఫరాసులు 1723లో ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. బేరం సాగక 1727లో మూసేసి, 1731లో మళ్లీ తెరిచారు. అప్పటి ఫ్రాన్సు బూర్బోన్ రాజులది. వారి రంగు తెలుపు, చిహ్నం బంగారు లిల్లీ పూలు. నీలం, తెలుపు, ఎరుపు నిలువు పట్టీలు ఫ్రెంచి విప్లవంతో వచ్చాయి. 1794లో ఆ వరుస చట్టంగా ఖాయమయ్యే నాటికి యానాం ఇంగ్లీషువాళ్ల అధీనంలో ఉంది. ఐరోపాలో ఆ రెండు దేశాలూ కత్తి దూసినప్పుడల్లా గౌతమి ఒడ్డున ఈ చిన్న ఊరు చేతులు మారేది. పారిస్ ఒప్పందం తర్వాత, 1816-17 ప్రాంతంలో, ఫ్రాన్సుకు తిరిగి దక్కేసరికి అక్కడ గద్దె మీద మళ్లీ బూర్బోన్ రాజే! అందుచేత తిరిగొచ్చిందీ తెల్లజెండాయే. 1830 జూలైలో పారిస్ తిరగబడి పదో చార్లెస్‌ను దించాక గానీ మూడు రంగులు స్థిరపడలేదు.

1947 ఆగస్టు 15 తర్వాత సరిహద్దుకు అటూ ఇటూ రెండు మువ్వన్నెల జెండాలు: ఒకటి నిలువు పట్టీలది, ఒకటి అడ్డపట్టీలది. ఈ రెండోదాని మూలాలు, 1921లో బెజవాడలో పింగళి వెంకయ్య గాంధీజీకి చూపిన నమూనాలో ఉన్నాయి. 1954 జూన్ 13న, ఫరంపేటకు చెందిన దడాల రఫేల్ రమణయ్య తదితరుల నాయకత్వంలో, భారత్‌లో విలీనం కోరిన ఉద్యమకారులు పాలనాభవనాన్ని స్వాధీనం చేసుకుని అక్కడ భారత జెండా ఎగరేశారు. అంతకుముందు జెండా మారిందంటే కారణం దూరదేశంలో ఉండేది; ఈసారి మార్పు ఊళ్లోనే జరిగింది.

కాగితాలు మాత్రం తీరిగ్గా వెనక నడిచాయి. అక్టోబరు 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధుల్లో 170 మంది విలీనానికి ఓటేశారు. నవంబరు 1న ఫ్రెంచి స్థావరాల పాలన భారత్‌కు అందింది. 1956 మే 28న ఒప్పందం కుదిరినా, 1962 ఆగస్టు 16న గానీ అది అమలులోకి రాలేదు. జెండా దిగిన ఎనిమిదేళ్ల వరకూ, చట్టం దృష్టిలో, యానాం ఫ్రెంచి నేలే.

ఇప్పుడు యానాంకు సొంత చిహ్నం లేదు; పుదుచ్చేరి ప్రభుత్వ చిహ్నమే దీనికీ వర్తిస్తుంది. అందులో కనిపించే ఆయి మండపం పుదుచ్చేరిలోని భారతి పార్కులో ఉంది. మూడో నెపోలియన్ కాలంలో పట్టణానికి మంచినీరు తెచ్చినందుకు గుర్తుగా కట్టారు. మండపం పేరులోని ఆయి ఒక దేవదాసి. తన ఇల్లు కూల్చి ఆ చోట చెరువు తవ్వించిందని కథ. ఆ ఇంటిని గుడి అనుకుని దండం పెట్టి, తర్వాత సంగతి తెలిసి కోపగించి, దాన్ని కూల్చమన్న రాజు శ్రీకృష్ణదేవరాయలేనని అక్కడివారు చెప్పుకుంటారు.