ఆపరేషనా, రేడియేషనా: ప్రోస్టేట్ క్యాన్సర్‌లో వందేళ్ల సందిగ్ధం

1904లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హ్యూ హాంప్టన్ యంగ్, వృషణాలకూ మలద్వారానికీ మధ్య కోత పెట్టి, క్యాన్సర్ సోకిన ప్రోస్టేట్ గ్రంథిని మొత్తంగా తీసేశాడు. ఆ తర్వాత పది పన్నెండేళ్లకే పారిస్‌లో, న్యూయార్క్‌లో వైద్యులు అదే గ్రంథికి రేడియంతో చికిత్స చేసి చూస్తున్నారు. అప్పుడు మొదలైన సందిగ్ధం వందేళ్లు దాటినా తెగలేదు. ఇంతకాలం రోగికి దొరికిన జవాబు ఎక్కువగా అతను ముందు ఏ డాక్టరు గుమ్మం తొక్కాడన్న దాన్ని బట్టే ఉండేది. అమెరికాలో 2000లో వెలువడిన ఒక సర్వేలో యూరాలజిస్టుల్లో 93 శాతం మంది ఆపరేషన్‌కే ఓటేశారు. రేడియేషన్ నిపుణుల్లో 72 శాతం మంది రెండూ సమానమేనన్నారు. డెబ్బై దాటిన మనిషి శేష జీవితం ఇలా తేలిపోవడం నాకు బాధగానే అనిపిస్తుంది.

రెండు దారులూ చాలాకాలం మొరటువే. ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో చాలామందికి మూత్రం మీద పట్టు తప్పేది, దాంపత్య జీవితం దాదాపు ముగిసిపోయేది. ఈ రెండూ కాని మూడో దారిగా, 1941లో షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ పురుష హార్మోన్‌ను అణిస్తే ఈ క్యాన్సర్ తగ్గుముఖం పడుతుందని చూపించాడు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. మన ఊళ్లలో కరెంటు పెట్టడం అనే రేడియేషన్ వైద్యానికి 1950ల చివర్లో స్టాన్‌ఫోర్డ్‌లో ఊపొచ్చింది. అక్కడ మాల్కం బాగ్‌షా లీనియర్ యాక్సిలరేటర్‌తో ప్రోస్టేట్‌కు బయటినుంచి కిరణాలు పంపడం మొదలుపెట్టాడు. 1982లో ప్యాట్రిక్ వాల్ష్ అంగస్తంభన నరాలు తెగకుండా ఆపరేషన్ చేసి చూపాక మొగ్గు మళ్లీ అటు తిరిగింది. తర్వాత రోబో వచ్చింది. ఆ పద్ధతిని పెంచిన తొలి కేంద్రాల్లో ఒకటి డెట్రాయిట్‌లో మణి మేనన్ నడిపినది. దానికి విరాళమిచ్చిన రాజ్ వట్టికూటి తెలుగువారే.

ఈలోగా ప్రోస్టేట్ తయారుచేసే ఒక ప్రొటీన్‌ను రక్తంలో కొలిచే పీఎస్‌ఏ పరీక్ష లెక్కలన్నీ మార్చేసింది. వేరే కారణాలతో చనిపోయిన పెద్దవాళ్లలో ఎంతోమందికి తెలియకుండానే ఈ క్యాన్సర్ ఉంటుందని ఆర్నాల్డ్ రిచ్ 1935లోనే శవపరీక్షల్లో గమనించాడు. ఆ నిద్రాణమైన క్యాన్సర్లు ఇప్పుడు బతికున్న మనుషుల్లోనే బయటపడసాగాయి. అసలు వైద్యం అక్కర్లేనివాళ్లు కూడా ఆపరేషన్ బల్ల ఎక్కారు.

సరైన పోలిక కోసం బ్రిటన్ పరిశోధకులు పూనుకున్నారు. 50 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 82 వేల మందికి పైగా పీఎస్‌ఏ పరీక్ష చేసి, గ్రంథి దాటని క్యాన్సర్ ఉన్న 1,643 మందిని లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేశారు: ఒక జట్టుకు ఆపరేషన్, ఒక జట్టుకు హార్మోన్ వైద్యంతో కలిపి రేడియేషన్, మూడో జట్టును పరీక్షలతో కనిపెట్టుకుని ఉండటం. ప్రొటెక్ట్ అనే ఈ అధ్యయనం పదిహేనేళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ప్రోస్టేట్ క్యాన్సర్‌తో పోయినవాళ్లు ఆపరేషన్ జట్టులో 2.2 శాతం, రేడియేషన్‌లో 2.9, కనిపెట్టుకున్నవాళ్లలో 3.1. గట్టిగా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. కనిపెట్టుకుని ఉన్న జట్టులో క్యాన్సర్ దూరానికి పాకడం మాత్రం దాదాపు రెట్టింపు.

తేడా అంతా రోజువారీ బతుకులో తేలింది. పన్నెండేళ్ల తర్వాత మూత్రం కారుతుంటే ప్యాడ్ వాడుతున్నవాళ్లు ఆపరేషన్ జట్టులో 24 శాతం, రేడియేషన్‌లో 8. మలం ఆపుకోలేని ఇబ్బంది రేడియేషన్ జట్టులో 12 శాతానికి, మిగతావాళ్లలో 6 శాతానికి. పండక్కి కొడుకింటికి వెళ్లాలా వద్దా అన్నది కూడా దీన్ని బట్టే ఉంటుంది. అందుకే ఏ ఇబ్బందితో బతకగలరో పెద్దాయననే అడగాలి. డాక్టరు గది బయట పిల్లలు మాట్లాడుకుని తేల్చేది కాదిది.

అలాగని వయసు చూపించి వైద్యం మానేయడమూ తప్పే. గ్రంథి దాటి పక్క కణజాలానికి పాకిన, ముదిరిన క్యాన్సర్‌లో హార్మోన్ వైద్యానికి రేడియేషన్ కలిపితే పదేళ్లలో ఆ జబ్బుతో చావులు 24 శాతం నుంచి 12కు తగ్గాయని 2009లో స్కాండినేవియా అధ్యయనం తేల్చింది. అందులో 75 ఏళ్ల వరకూ ఉన్నవాళ్లున్నారు. వృద్ధుల క్యాన్సర్ నిపుణులు ఇప్పుడు పుట్టిన సంవత్సరం కన్నా గుండె, తిండి, నడక, జ్ఞాపకశక్తి ఎలా ఉన్నాయో ముందు చూడమంటున్నారు. మరో పదేళ్లు బతికే అవకాశం ఉన్నవారికే సాధారణంగా ఆపరేషన్ మాట ఎత్తుతారు. ఒకప్పుడు ఏడెనిమిది వారాలు ఆసుపత్రి చుట్టూ తిరగాల్సిన రేడియేషన్, తక్కువ, మధ్యస్థ ప్రమాదమున్న క్యాన్సర్లలో ఐదు సిట్టింగుల్లోనే అంతే పనిచేస్తుందని 2024లో పేస్ అధ్యయనం చూపింది.