పూట, పంక్తి, రూక: ఇందూరు – బోధన్ ప్రాంతంలో బయటి భోజనం, సామాజిక చరిత్ర

సారాంశం

ఇంటి బయట డబ్బు చెల్లించి భోజనం చేయడం తెలుగువారికి కొత్త కాదు. కాకతీయ నగరాన్ని వర్ణించిన కావ్యంలోనే దానికి సాక్ష్యం ఉంది. అయితే పూటకూటింటికీ ఆధునిక హోటలుకూ మధ్య ఉన్న తేడా వంటకాల తేడా మాత్రమే కాదు. భోజనానికి కాలాన్ని నిర్ణయించే ‘పూట’, పక్కన కూర్చునేవారిని నిర్ణయించే ‘పంక్తి’, వెలను నిర్ణయించే ‘రూక’ అనే మూడు అంశాల ఆధారంగా ఆ మార్పును నిజామాబాదు పట్టణం, బోధన్ చెరకు ప్రాంతం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. పూటకూటిల్లు: సాహిత్య సాక్ష్యం

బయటి భోజనాన్ని గురించి తెలుగులో తరచుగా ఉదహరించే ఆధారం ‘క్రీడాభిరామము’. దీని కర్త వినుకొండ వల్లభరాయుడా, శ్రీనాథుడా అన్న చర్చ నేటికీ ఉంది. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులిద్దరూ ఓరుగల్లు వీధులలో తిరుగుతూ చూసిన దృశ్యాలే ఇందులోని వస్తువు. అందులో లక్ష్మణవజ్ఝల వారి ఇంట ఒక రూకకు దొరికే భోజనం పట్టిక ఉంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పెసరపప్పు, అప్పుడే కాచిన నెయ్యి, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, వీటితోపాటు గుప్పెడు పంచదార. ఇందూరుకు సంబంధించిన సాక్ష్యం కాకపోయినా, తెలంగాణ నేల మీద వెల కట్టిన భోజనానికి ఇంత వివరమైన పాత ఆధారం మరొకటి కనబడదు.

సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) ఇటువంటి వర్ణనలను చరిత్రకు ఆకరాలుగా వాడుకొనే మార్గం చూపింది. ఆ మార్గంలోనే మరొక అడుగు వేస్తే, ఈ పట్టికలోని రుచులకన్నా దాని వెనుక ఉన్న ఏర్పాటు ముఖ్యమని తోస్తుంది. ఇది అంగడి కాదు, ఇల్లు. యజమాని ఇంటిపేరు అతని కులాన్ని తెలుపుతున్నది. వెల ఒకటే, వంట ఒకటే. ఏరుకొనే అవకాశం లేదు. ‘పూటకూడు’ అన్న మాటలోనే ‘పూట’ ఉంది. వేళకు వచ్చినవారికే ఆ కూడు. ఇక గుప్పెడు పంచదారను విడిగా లెక్కపెట్టడం, అది నాటికి ప్రత్యేకంగా చెప్పుకోదగిన వస్తువని సూచిస్తున్నది.

గురజాడ ‘కన్యాశుల్కం’ (తొలి ముద్రణ 1897) నాటికి ఇదే వృత్తి ఒక వితంతువుకు జీవనాధారం. ఓరుగల్లు పూటకూటింటికి యజమాని పేరు దక్కింది. విజయనగరంలో అన్నం పెట్టిన స్త్రీకి వృత్తే పేరయింది. ఆమె నాటకమంతటా ‘పూటకూళ్ళమ్మ’ మాత్రమే. వెలకు అన్నం పెట్టడంలో గౌరవం ఎవరికి దక్కింది, ఎవరికి దక్కలేదు అన్నది ఈ రెండు రచనలను పక్కపక్కన పెట్టినప్పుడే స్పష్టమవుతుంది.

2. దారి మీది అన్నం

పూటకూళ్ళు అన్ని చోట్లా ఉండేవని భావించరాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో చేసిన కాశీయాత్రలో హైదరాబాదు నుంచి నాగపూరుకు నిర్మల మీదుగా సాగాడు. నేటి కామారెడ్డి, నిజామాబాదు జిల్లాల నేల ఆ దారిలోనిదే. ‘కాశీయాత్ర చరిత్ర’లో ఆయన మజిలీ మజిలీకీ గమనించినవి బస, నీరు, అంగళ్ళు, దినుసుల లభ్యత. అంటే ఆచారవంతుడైన యాత్రికుడు వెతికింది వండిన అన్నాన్ని కాదు, వండుకొనే చోటును. పరుల చేతి వంటను స్వీకరించడం కులనియమాలకు లోబడిన విషయం గనుక ప్రయాణమంటే వంటశాలను వెంట తీసుకుపోవడమే.

20వ శతాబ్ది తొలినాళ్ళలో హైదరాబాదు – మన్మాడు రైలుమార్గం ఇందూరును కలిపింది. రైలు ప్రయాణికుడు మజిలీలో పొయ్యి రాజేయలేడు. బండి ఆగిన కొద్దిసేపట్లో ఎవరు వండినది, ఎవరి పక్కన నిలబడి తినాలన్న ప్రశ్న అతని ముందు నిలిచింది. స్టేషను చుట్టూ పుట్టిన హోటలు సంస్కృతికి ఇది నేపథ్యం.

3. చెరకు, షిఫ్టు, చాయ్

1931లో పూర్తయిన నిజాంసాగర్ మంజీర నీటిని ఈ ప్రాంతపు పొలాలకు అందించింది. కోస్తా జిల్లాల నుంచి రైతులు వలస వచ్చారు. వారి ఊళ్ళలో కొన్నింటికి ‘క్యాంపు’ అన్న పేరు నేటికీ నిలిచి ఉంది. 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం నెలకొని, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. సంస్కృత ‘శర్కర’ ఫారసీ, ఉర్దూల మీదుగా ఊరి పేరైంది. కావ్యంలో గుప్పెడుగా లెక్కించిన పంచదార ఇక్కడ టన్నులలో తయారై, పేదవాడి చాయ్ కప్పులోకి చేరింది.

చెరకు గానుగాడే కాలంలో చక్కెర మిల్లు రాత్రింబగళ్ళు నడవాలి. నరికిన చెరకు నిలవ ఉంటే తీపి తగ్గుతుంది. అందుచేత పని షిఫ్టులుగా విడిపోయింది. షిఫ్టు దిగిన కార్మికునికి, అర్ధరాత్రి దాకా బండి మీద వంతు కోసం కాచుకున్న రైతుకు ‘పూట’ అనే కట్టుబాటు వర్తించదు. ఏ వేళనైనా, ఎంత కావాలంటే అంత, కావలసినదే అడిగి తీసుకొనే చోటు వారికి అవసరం. ఇరానీ పద్ధతి చాయ్ హోటలు ఈ అవసరానికి సరిపోయింది. ‘హోటలు’ అన్న ఇంగ్లీషు మాట తెలుగులో బసను వదిలి తిండికే పరిమితం కావడం, బసకు ‘లాడ్జి’ అన్న వేరే మాట స్థిరపడడం గమనించదగినది.

ఐరోపాలోనూ ఇటువంటి మార్పే జరిగింది. పారిస్‌లో 18వ శతాబ్దిలో ‘రెస్టారెంట్’ అంటే మొదట నీరసించినవారికి ఇచ్చే బలవర్ధకమైన పులుసు. ఆ పేరు తరువాత దానిని అమ్మే చోటుకు వచ్చిందని చరిత్రకారిణి రెబెకా స్పాంగ్ నిరూపించింది. ఒకే వేళ, ఒకే వెల, అందరికీ ఒకే బల్ల అన్న పాత సత్రపు పద్ధతి స్థానంలో విడి బల్ల, వంటల పట్టిక, కోరిన వేళ వచ్చాయి. పారిస్‌లో విడి బల్ల వ్యక్తి ఏకాంతానికి గుర్తు. తెలుగు నేల మీద హోటలు బల్ల పంక్తిని ప్రశ్నించింది.

4. కల్లు మండువ

తిండికి హోటలు ఉన్నట్లే, పానానికి తెలంగాణలో కల్లు మండువ ఉంది. గుడాలు, బోటి వంటి నంజుళ్ళతో సాయంకాలం గడిపే ఈ చోటును ఐరోపా నగరాల మద్యశాలలతో పోల్చడం అసంగతం కాదు. వియన్నాలో ద్రాక్ష పండించినవారే తమ సారాయాన్ని, తిండిని స్వయంగా అమ్ముకొనేందుకు రెండవ జోసెఫ్ చక్రవర్తి 1784లో అనుమతించాడు. నేటి ‘హాయ్‌రిగర్’లు ఆ ఆజ్ఞకు వారసులు. హైదరాబాదు రాజ్యంలో దీనికి భిన్నంగా ఆబ్కారీ గుత్తలు, చెట్టు పన్ను గీత కార్మికునికీ తాగేవానికీ మధ్య నిలిచాయి. అక్కడ ఉత్పత్తిదారుని చోటు నగరానికి గర్వకారణమైంది. ఇక్కడ అదే చోటు పన్నుకు ఆదాయంగా, సభ్యసమాజానికి నిందగా మిగిలింది. మన సాహిత్య చరిత్రలో మండువకు దక్కిన స్థానం స్వల్పం కావడానికి ఈ నింద ఒక కారణం కావచ్చు.

5. పంక్తి నుంచి బల్లకు

భారత రాజ్యాంగం 15వ అధికరణం రెండవ ఖండం కులం, మతం మొదలైన కారణాలతో ఎవరినీ అడ్డగించరాదంటూ దుకాణాలను, భోజనశాలలను, హోటళ్ళను పేర్కొన్నది. రాజ్యాంగ నిర్మాతలు బావులు, చెరువులు, స్నానఘట్టాలతోపాటు హోటలును చెప్పవలసి వచ్చిందంటే, రూక చేతిలో ఉన్నంత మాత్రాన బల్ల దక్కేది కాదన్నమాట. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం ఈ నిరాకరణను శిక్షార్హం చేసింది. అయినా రెండు గ్లాసుల పద్ధతి తెలుగు పల్లెల చాయ్ దుకాణాలలో చాలాకాలం కొనసాగింది. హోటలు పూటను తేలికగా రద్దు చేసింది. పంక్తిని రద్దు చేయడానికి చట్టం, పోరాటం రెండూ అవసరమయ్యాయి.

ముగింపు

తెలుగు సాహిత్య చరిత్రలో నిజామాబాదు అనగానే దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి బందీలుగా ఉన్న ఖిల్లా జైలు గుర్తుకు వస్తుంది. ఆ వట్టికోట అంతకుముందు వంటపని, హోటలులో సర్వరు పని చేసి బతికినవాడే. జైలు గోడకు చరిత్రలో చోటు దక్కింది; హోటలు బల్లకు దక్కలేదు. 2015 డిసెంబరులో బోధన్ కర్మాగారం మూతపడింది. షిఫ్టు లేనిచోట షిఫ్టు చాయ్ కూడా ఉండదు. ఆ బల్లల మీద తెలుగు, ఉర్దూ, మరాఠీ కలగలిసి నడిచిన మాటలు, గోడ మీది ధరల పట్టికలు, వడ్డించినవారి జ్ఞాపకాలు ఎక్కడా గ్రంథస్థం కాలేదు. ఒక రూక భోజనాన్ని ఒక కవి పద్యంలో పెట్టినందువల్లనే ఓరుగల్లు పూటకూటిల్లు మనకు మిగిలింది. శక్కర్‌నగర్‌కు అటువంటి కవి దొరకలేదు గనుక, దాని పనివారు బతికి ఉన్న కాలంలోనే మౌఖిక కథనాలను సేకరించడం తెలుగు శాఖల పరిశోధకుల బాధ్యత.