లకుముకి పిట్ట ఎవరిది? - ఒక బీరు కంపెనీ చరిత్ర

బెంగుళూరు కంటోన్మెంటును కన్నడిగులు చాలాకాలం 'దండు' అని పిలిచారు. ఆ మాట తెలుగుకూ సొంతమే. 1809లో ఇంగ్లీషు సైన్యం శ్రీరంగపట్నం విడిచి బెంగుళూరులో దిగినప్పుడు, ఆ దండు వెంట మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లాలనుంచి తమిళులూ తెలుగువారూ వచ్చి స్థిరపడ్డారు. అక్కడి తెల్ల సిపాయికి తిండితోపాటు బీరు కూడా కావలసివచ్చింది. ఆ అవసరంనుంచి పుట్టిన యునైటెడ్ బ్రూవరీస్ అనే కంపెనీ చరిత్రను ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. ఒక కంపెనీని 'జాతీయ సంస్థ' అనడానికి ప్రమాణమేమిటన్నది మా ప్రశ్న. యజమాని దేశమా, తయారయ్యే చోటా, కొనేవారి ఊరా?

ముందుగా మాట సంగతి. తెలుగులో కల్లు, కన్నడంలో కళ్ళు, తమిళంలో కళ్; ఇది ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. బీరుకు అటువంటి వంశవృక్షం లేదు. ఇంగ్లీషు మాటకు ఉకారం చేర్చి తెలుగువారు దాన్ని తమదిగా చేసుకున్నారు. సరుకు వచ్చిన దారినే మాటా వచ్చింది.

1915లో థామస్ లీష్మన్ అనే స్కాట్లండు దేశస్థుడు దక్షిణదేశంలోని అయిదు బీరు కర్మాగారాలను కలిపి ఈ కంపెనీని స్థాపించాడు. వాటిలో అన్నిటికన్నా పాతదైన కాజిల్ బ్రూవరీ 1857 నాటిది. స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే విఠల్ మాల్యా ఈ కంపెనీకి తొలి భారతీయ డైరెక్టరయ్యారు. మరుసటి ఏడు అధ్యక్షులయ్యారు. తెల్లవారు విడిచిపోతున్న కంపెనీల వాటాలు కొనడం ఆనాటి వర్తకుల పద్ధతి. ఆ విధంగా 1951లో మెక్‌డోవెల్ కూడా ఆయన చేతికి వచ్చింది. ఈ దశలో 'జాతీయ' అనే మాటకు అర్థం స్పష్టం: యాజమాన్యం భారతీయుల చేతికి రావడం.

1978లో కింగ్‌ఫిషర్ బీరు బజారులోకి వచ్చింది. సీసామీది పిట్ట తెలుగులో లకుముకి పిట్ట, కన్నడంలో మించుళ్ళి, తమిళంలో మీన్‌కొత్తి. ఇన్ని పేర్లున్నా దుకాణంలో మాత్రం అన్ని భాషలవారూ ఇంగ్లీషు పేరుతోనే అడుగుతారు. 1983లో విఠల్ మాల్యా మరణించగా ఆయన కుమారుడు విజయ్ మాల్యా అధ్యక్షులయ్యారు. మద్యానికి నేరుగా ప్రకటనలు ఇవ్వడానికి వీలులేదు కనుక, ఆ పిట్ట నీళ్ల సీసా మీదికీ, క్యాలెండరు మీదికీ, చివరకు 2005లో విమానం మీదికీ ఎక్కింది.

యాజమాన్యం చేతులు మారిన కథ ఇక్కడే మొదలవుతుంది. విమాన సంస్థ 2012లో నేలకు దిగింది. బీరు వ్యాపారం లాభాల్లోనే ఉంది; అప్పులు విమానానివి. కాని తీర్చవలసివచ్చినప్పుడు బాకీదారుల చూపు బీరు వాటాలమీద పడింది. అప్పటికే కంపెనీలో స్కాటిష్ అండ్ న్యూకాసిల్ అనే బ్రిటిషు సంస్థకు 37.5 శాతం వాటా ఉండేది. 2008లో ఆ సంస్థను హైనెకెన్, కార్ల్స్‌బర్గ్ సంస్థలు కొని పంచుకున్నప్పుడు, ఆ వాటా హాలండుకు చెందిన హైనెకెన్ భాగానికి వచ్చింది. విజయ్ మాల్యా 2016 మార్చిలో దేశం విడిచి వెళ్లారు. ప్రభుత్వం జప్తు చేసిన ఆయన వాటాలను 2021 జూన్‌లో రుణ వసూలు ట్రిబ్యునల్ ద్వారా విక్రయించగా హైనెకెన్ సుమారు 15 శాతం కొన్నది. దానితో ఆ సంస్థ వాటా 46.5 నుంచి 61.5 శాతానికి పెరిగింది. స్కాట్లండువాడు పెట్టిన కంపెనీ, మధ్యలో డెబ్బై ఏళ్లపాటు భారతీయుల ఏలుబడిలో ఉండి, డచ్చివారి అధీనంలోకి వెళ్లింది. వాటాను పోగొట్టింది బీరు కాదు, బీరు పేరు పెట్టుకున్న విమానం.

ఇక బజారు విషయం. దేశంలో అమ్ముడయ్యే బీరులో దాదాపు సగం ఈ కంపెనీదే. అయితే బీరుకు 'దేశం' అనే బజారు నిజానికి లేదు. రాజ్యాంగం మద్యాన్ని రాష్ట్రాల జాబితాలో ఉంచింది. 2017లో వచ్చిన జి.ఎస్.టి. కూడా దాన్ని తాకలేదు. అందువల్ల ప్రతి రాష్ట్రమూ ఒక ప్రత్యేక దేశమే. కాకినాడ దాటి యానాంలో అడుగుపెడితే పుదుచ్చేరి పన్ను. భాష మారదు, ధర మారుతుంది. తమిళనాడులో 1983 నుంచి టాస్మాక్, ఆంధ్రప్రదేశ్‌లో 1986 నుంచి బెవరేజెస్ కార్పొరేషన్ టోకు కొనుగోలుదార్లయ్యాయి. అమ్మేవాడు ఎంత పెద్దవాడైనా కొనేవాడు ఒక్కడే.

ఈ ఏర్పాటు కంపెనీలను ఏం చేసిందో రెండు ఉదాహరణలు చెబుతాయి. పోటీదారులతో కలిసి ధరలు కూడబలుక్కున్నందుకు 2021 సెప్టెంబరులో పోటీ సంఘం యునైటెడ్ బ్రూవరీస్‌కు సుమారు 752 కోట్ల రూపాయల జరిమానా విధించింది. ప్రభుత్వం ధర పెంచాలంటే అందరూ ఒకే పాట పాడాలన్న ఆలోచన ఇందులో కనిపిస్తుంది. రెండవది తెలంగాణది. 2019-20 తరువాత మూలధర పెంచలేదనీ, బకాయిలు పేరుకున్నాయనీ 2025 జనవరి 8న కంపెనీ ఆ రాష్ట్రానికి సరఫరా నిలిపివేసింది. కొద్ది రోజులకే తిరిగి మొదలుపెట్టింది. ఫిబ్రవరిలో ప్రభుత్వం ధరను 15 శాతం పెంచింది. పెరిగిన ధరను చివరకు చెల్లించింది తాగేవాడే.

ఈ లెక్కల్లో చేరనివారు కూడా ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించారు. ఆ ఉద్యమ ఫలితంగా 1993 అక్టోబరులో సారా నిషేధమూ, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమూ వచ్చాయి. 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానా అవసరం అందుకు ముఖ్యకారణం. కంపెనీ వాటాదారుల పట్టికలో ప్రభుత్వాల పేర్లుండవు. అయినా ప్రతి సీసా మీద పన్ను రూపంలో వాటి వాటా ఉన్నది. యజమాని మారినా ఆ వాటా మారలేదు.

కనుక మా ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. వాటాలను బట్టి చూస్తే ఈ కంపెనీ విదేశీయం, పుట్టుక, పనివారు, తాగేవారు ఇక్కడివారు, రాబడి రాష్ట్రాలది. యాజమాన్యం ఎవరిదన్న చర్చ పత్రికలకెక్కినంతగా, ఈ రాబడిమీద ప్రభుత్వాలు ఎంతగా ఆధారపడ్డాయన్న చర్చ ఎక్కలేదు. దూబగుంట స్త్రీలు అడిగింది ఆ రెండవ ప్రశ్ననే. పిట్ట ఎవరిదైనా, దానికి మేత వేస్తున్నదెవరో గుర్తించడం చరిత్రకారుని పని అని మేము భావిస్తున్నాము.