క్విల్టు కళలో పక్షి రూపం

పైన అతుకుల గుడ్డ, మధ్యలో దూది, అడుగున అస్తరు. ఈ మూడు పొరలనూ కలిపి కుట్టిన దుప్పటే క్విల్టు. పాత చీరలతో మన ఇళ్లలో కుట్టుకునే బొంతకు ఇది దగ్గరి చుట్టం. కప్పుకోవడానికి కాక గోడకు వేలాడదీసి చూడడానికి చేసేదాన్ని ఆర్ట్ క్విల్టు అంటారు. అందులో నైరూప్య శైలికి పక్షి చాలాకాలంగా ముడిసరుకు.

ఈ చరిత్రలో తెలుగు తీరానికీ వాటా ఉంది. 17, 18 శతాబ్దాల్లో మచిలీపట్నం వంటి కోరమాండల్ రేవుల నుంచి పూలు, కొమ్మలు, పిట్టలున్న కలంకారీ గుడ్డలు ఐరోపాకు ఎగుమతి అయ్యేవి. సొంత నేత పరిశ్రమను కాపాడుకోవడానికి అద్దకపు నూలు గుడ్డల వాడకంపై బ్రిటన్ 1721లో చేసిన నిషేధం 1774 దాకా సాగింది. ఖరీదైన అద్దకపు గుడ్డలోంచి పిట్టనూ కొమ్మనూ కత్తిరించి, తెల్లని నూలు గుడ్డ మీద అతికి కుట్టే 'బ్రోడరీ పెర్స్' పద్ధతి ఆ రోజుల్లో బాగా వాడుకలోకి వచ్చింది. 1840ల నాటి బాల్టిమోర్ ఆల్బమ్ క్విల్టుల్లోనూ పక్షులు ఇలా అతుకు పనిలోనే కనిపిస్తాయి. అక్కడి దాకా పక్షి బొమ్మగానే ఉంది.

అసలు మలుపు 'ఫ్లయింగ్ గీస్' అనే అమెరికన్ నమూనా. ఉదాహరణకు మూడంగుళాల ఎత్తు, ఆరంగుళాల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రంలో ఒక పెద్ద త్రిభుజం, దానికి అటూ ఇటూ రెండు చిన్న త్రిభుజాలు. ఇలాంటివి వరసగా పేరిస్తే బాతుల గుంపు ఒకే దిక్కుకు సాగిపోతున్నట్టుంటుంది. ముక్కు లేదు, రెక్క లేదు, కన్ను లేదు. పావు అంగుళం కుట్టు కాస్త లోపలికి జరిగిందా, త్రిభుజం కొన తెగిపోతుంది. ఆ కొన లేకపోతే ఎగురుతున్న భావమే పోతుంది. 1910 ప్రాంతంలో చిత్రకారుడు కాండిన్‌స్కీ నైరూప్య చిత్రాలు వేయడానికి చాలా ముందే ఇంటి ఆడవాళ్లు సూదితో సాధించిన నైరూప్యత ఇది. పారిపోయే బానిసలకు ఈ నమూనా దారి చూపే రహస్య సంకేతమని 1999లో ఒక పుస్తకం ప్రచారంలోకి తెచ్చింది కానీ, ఆధారాలు లేవని చరిత్రకారులు దాన్ని ఒప్పుకోలేదు.

క్విల్టు పనికి కళగా గుర్తింపు ఆలస్యంగా దక్కింది. 1971లో జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన పాత క్విల్టులను న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో చిత్రాల్లాగే గోడలకు వేలాడదీశారు. వాటిలో చాలావాటిని కుట్టిన స్త్రీల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ ప్రదర్శన ఘనతను తలచుకునేటప్పుడు ఈ లోటునూ చెప్పుకోవాలి. 1979లో ఒహాయో రాష్ట్రంలోని ఏథెన్స్‌లో, ఒకప్పటి పాడిపశువుల కొట్టంలో 'క్విల్ట్ నేషనల్' అనే ఆర్ట్ క్విల్టుల ప్రదర్శన మొదలైంది. దాని స్థాపకుల్లో ఒకరైన నాన్సీ క్రో స్కేలు పక్కన పెట్టి చేతి అంచనాతో గుడ్డ కోసే పద్ధతికి పేరు తెచ్చారు. అదే ఏడాది జపాన్‌కు చెందిన ఓల్ఫా సంస్థ తెచ్చిన చక్రపు కత్తి అలాంటి వంపు కోతలను సులువు చేసింది.

నైరూప్య శైలిలో పనిచేసే ఇప్పటి కళాకారులు పక్షిని నేరుగా గీయరు. గుంపు వాలిన కోణం, ఈకల వరస, మెడ దగ్గర మారే రంగు వంటివే తీసుకుంటారు. తామే రంగులద్దిన గుడ్డను పేలికలుగా కోసి కలుపుతారు. తర్వాత కుట్టుమిషన్ కింద గుడ్డను లాగే పళ్లను దించేసి, రెండు చేతులతో గుడ్డను తిప్పుతూ గాలివాలు గీతలు కుడతారు. పైనున్న రంగు కన్నా ఈ గీతలే ఎగిరే భావాన్ని ఎక్కువగా తెస్తాయి.

విట్నీ ప్రదర్శనకు పునాది అయిన హోల్‌స్టీన్ సేకరణ నేడు నెబ్రాస్కా రాష్ట్రం లింకన్‌లోని ఇంటర్నేషనల్ క్విల్ట్ మ్యూజియంలో ఉంది.