పోడు వల్లే అడవి పోయిందా?



పోటీ పరీక్షల పుస్తకాల్లో "అడవుల నరికివేతకు కారణాలు" అని ఉంటే అందులో పోడు తప్పకుండా ఉంటుంది. అడవిని మన తాతలే నాశనం చేశారని మన చేతే బట్టీ పట్టిస్తున్నారు. తేదీలవారీగా చూస్తే కథ వేరేలా ఉంది.

రైలు పట్టాల కింద వేసే దుంగలకు కలప కావాలి. అందుకని తెల్లదొరలు 1864లో అటవీ శాఖ పెట్టారు. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చారు. దాంతో మన్యంలో అడవి రిజర్వు అయింది. పోడుకీ, పశువుల మేతకీ ఆంక్షలు వచ్చాయి. దొరలు కలప అమ్మితే ఆదాయం, మనం పోడు కొడితే నేరం! 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి జరిగింది. అల్లూరి, గాం గంటం దొర, మల్లు దొర వెనక మన ఊళ్ళు ఊరికే నడవలేదు. అడవి ఆంక్షలు, రోడ్డు పనుల్లో వెట్టి భరించలేకే నడిచాయి.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా 1952 జాతీయ అటవీ విధానం ఊరి అవసరాల కంటే దేశ ప్రయోజనాలే ముందంది. మన చేతిలో భూమి తగ్గింది. పోడు నేలకి విశ్రాంతి తగ్గి కొన్నిచోట్ల మట్టి కొట్టుకుపోయింది, అది నిజమే. కానీ భూమి తగ్గించింది ఎవరు?

1991లో సరళీకరణ వచ్చింది. 1993 ఖనిజ విధానం ప్రైవేటు కంపెనీలకు గనుల తలుపు తెరిచింది. అప్పుడు అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గనుల లీజుల మీద సమతా సంస్థ కోర్టుకెళ్ళింది. 1997 జూలైలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది: షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదు. దానికి ఆధారం మన 1/70 చట్టమే.

మేము చెప్పేది ఒక్కటే. విధానం రాసేవాళ్ళు దేన్ని లెక్కలో వేస్తారో అదే విలువైనదవుతుంది. బాక్సైట్ టన్నుకి రాయల్టీ ఎంతో లెక్క ఉంది. అదే కొండ వాన నీళ్ళు దాచుకుని ఎండాకాలం గెడ్డలోకి వదిలే ఊటకి లెక్క లేదు. ఆ ఊట మీద బతికేది మన ఊళ్ళు.

2006 అటవీ హక్కుల చట్టం అడవిని కాపాడుకునే అధికారం గ్రామసభకి ఇచ్చింది. సెలవులకి ఊరెళ్తే గ్రామసభలో కూర్చోండి. పెద్దవాళ్ళు వేలిముద్ర వేసే ముందు ఆ తీర్మానం గట్టిగా చదివి వినిపించండి. మనం చదువుకున్నందుకు ఊరికి ముందు అక్కరకొచ్చే పని అదే.

జల్, జంగల్, జమీన్!